సగం ఖాళీ కార్డు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉత్తరాలు రాసే పని నా మెడకే చుట్టుకుంది. మా నాయనమ్మకి చదువు రాదు. చెప్పడం మొదలుపెడితే మాత్రం ఆపదు. టైప్ చేసుకో అమ్మలూ, మొహం అలా పెట్టకు. పాత ఉత్తరాల గురించి ఇంట్లో పెద్దవాళ్ళని అడగమన్నది మీ టీచరే కదా.

మీ స్కూల్లో ఇచ్చిన ఈ ఉత్తరం, నూట యాభై ఏళ్ళ కిందట అమెరికాలో మిసిసిపీ ఒడ్డున ఒకావిడ వాళ్ళమ్మకి రాసింది. నది గడ్డకట్టి స్టీమర్ రాలేదట, పిండి అడుగంటిందట, కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయట. "బోరింగ్ అమ్మమ్మా, ఇందులో ఏం జరగలేదు" అన్నావు. నేనూ అలాగే అనుకునేదాన్ని.

అప్పుడు మా మేనత్తకి ఆరో నెల. కృష్ణకి అవతల అత్తారింట్లో ఉండేది. అన్నం ఇమడటం లేదని కబురొచ్చింది. వరదకి పడవలు ఆగిపోయి నాయనమ్మ వెళ్ళలేకపోయింది. రైల్లో చుట్టూ తిరిగి వెళ్ళే ఓపిక ఆవిడకి లేదు, పోస్టు మాత్రం అలా వెళ్ళేది. నాయనమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ గేదె ఈనిందనీ, ఉసిరికాయ పచ్చడి నీకు వేరే జాడీలో తీశాననీ, ఏరు మెట్ల దాకా వచ్చిందనీ చెబుతూనే ఉంది. బయట నా స్నేహితులు అష్టాచెమ్మా గీసేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇక్కడ అందరం క్షేమం. ఆరోగ్యం జాగ్రత్త" అని పోస్టుకార్డు మీద రాసి లేచాను.

ఆవిడ కార్డు చూసి, ఇంత చెబితే కిందంతా తెల్లగా ఉందేమని అడిగింది. చిన్న అక్షరాలతో రాశానన్నాను. పోస్టులో వేయించింది.

పది రోజులకి అత్త జవాబొచ్చింది. "ఇక్కడ అందరం క్షేమం."

"మిగతాది చదువు."

"అంతే, నాయనమ్మా."

మళ్ళీ చదవమంది. నాలుగుసార్లు చదివించింది. తర్వాత కార్డు తీసుకుని ఖాళీగా ఉన్నచోట వేలితో తడిమింది.

"నా కూతురు అన్నం తింటోందో లేదో ఇందులో ఎక్కడుందే?"

ఏడుస్తూ నిజం చెప్పేశాను. తిట్టలేదు. కొత్త కార్డు తెప్పించి, గేదె దగ్గర్నుంచి అన్నీ మళ్ళీ చెప్పింది. అంచుల్లో కూడా ఇరికించి రాశాను. ఈసారి అత్త కార్డు నిండా రాసింది. ముందు కార్డు చూసి అమ్మకి కోపమొచ్చిందనుకుందట. పెరుగన్నం ఇముడుతోందట. ఆ ఒక్క ముక్కా నాయనమ్మ సాయంత్రం దాకా చదివించుకుంది.

ఏదీ, స్క్రీన్ ఇటు తిప్పు. అరగంట నుంచి చెబుతుంటే నాలుగు లైన్లా? షార్ట్‌గా చాలంటావేంటి? గేదె ఏదీ? ఆ కోళ్ళ సంగతీ తీసెయ్యకు, ఆవిడ వాళ్ళమ్మ ఎన్నిసార్లు చదువుకుందో.

మీ అమ్మ ఆఫీస్ నుంచి నాకు "ఓకే" అని మెసేజ్ పెడుతుంది చూడు. ఈ వయసులో కూడా దాని కింద తెల్లగా ఉన్నచోటే చూస్తూ కూర్చుంటాను, మధ్యాహ్నం ఏమైనా తిందో లేదో అని.