మూగది ముట్టుకోని పేర్లు

ఆ సాయంత్రం మా అమ్మాయి లావణ్య చెరువు గట్టు మీద నా పక్కనే నిలబడి ఉంది. మాది రాజోలు దాటాక సముద్రం వైపు ఉన్న ఊరు. మా నాన్న దాకా అందరూ వేటకు వెళ్ళినవాళ్ళే. నేను పడవ వదిలేసి రొయ్యల చెరువులు చేస్తున్నాను. అవతలి చెరువులో ఒక ఏరేటరు ఆగిపోయింది. నాకంటే ముందు లావణ్య చూసింది.

"నాన్నా, అది ఆగిపోయింది" అంది.

"ఏది?"

చెయ్యి చూపించింది. "అదే. నీళ్ళు కొడుతుంది కదా. గాలి ఇచ్చేది."

ఏరేటర్ల చప్పుడు వింటూ పెరిగిన పిల్ల. ఆ మాట కోసం నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. తరువాత నా వంక తిరిగి, చాలా నెమ్మదిగా, "కయోకి జరిగినట్టే నాకూ జరుగుతోంది నాన్నా" అంది.

నేను నవ్వాను. ముందు కరెంటు అతనికి ఫోన్ చెయ్యమన్నాను.

కయో ఎవరో నాకు కొంచెం తెలుసు. లావణ్య అమలాపురంలో డిగ్రీ చదువుతోంది. పక్క ఊరి స్కూలు మాస్టారి అమ్మాయి ఎస్తేరు, తను రోజూ ఒకే బస్సులో కాలేజీకి వెళ్ళేవారు. ఎస్తేరు దగ్గర జపాను బొమ్మల కథల పుస్తకాలు ఉండేవి, ఇంగ్లీషులో. లావణ్య అవి తెచ్చుకుని చదివి, వాళ్ళమ్మ చేపలు బాగుచేస్తుంటే పక్కన కూర్చుని కథ చెప్పేది. కయో అనే అమ్మాయి దీవి నుంచి దీవికి పడవలో వెళ్ళి ఆరిపోయిన దీపస్తంభాలు వెలిగిస్తుంది. పడవ నడిపే గెంజి తాత ఎప్పుడో చనిపోయాడు, ఆ సంగతి ఆయనకి తెలియదు. దీపం వెలిగిన ప్రతిసారీ సముద్రంలోంచి ఒకటి లేచి వచ్చి కయో నోట్లోంచి ఒక మాట తీసుకుపోతుంది. దానికి జపాను భాషలో ఏదో పేరు ఉంది. "తెలుగులో మూగది అనుకో అమ్మా" అనేది లావణ్య. ఉప్పు అనే మాట పోతుంది. తాడు అనే మాట పోతుంది. మా ఆవిడ సత్యవతి చేప పొలుసు గీకుతూ, "పాపం, ఆ పిల్లకి దిష్టి తీసేవాళ్ళు లేరా?" అనేది. ఇద్దరూ నవ్వుకునేవారు.

చెరువు గట్టు సంగతికి కొద్ది రోజుల ముందు లావణ్యకి జ్వరం వచ్చింది, విపరీతమైన తలనొప్పితో. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలకి తగ్గింది. దీన్ని ఇప్పుడు ఇక్కడ రాయడం తేలికగానే ఉంది. అడగవలసినవాళ్ళు అడిగినప్పుడు నేను దీన్ని చెప్పలేదు.

గట్టు సంగతి తరువాత లావణ్యకి నిద్ర పట్టడం మానేసింది. ఉన్నట్టుండి నవ్వేది, అంతలోనే భయపడి గోడకి జరిగి కూర్చునేది. చెరువు నీళ్ళలో ఎవరో తలెత్తి చూస్తున్నారనేది. చెప్పిన మాటే చెప్పేది. మాటల మధ్య ఖాళీలు పెద్దవయ్యాయి. అన్నం కావాలంటే అన్నం అనలేక "తెల్లది" అనేది. ఒకసారి వాళ్ళమ్మ చేతిలో గిన్నె విసిరికొట్టి, ఎవరు కొట్టారని మమ్మల్నే అడిగింది.

నేను ఆ కయో పుస్తకాల్లో ఒకటి తీసి చూశాను. మన పుస్తకం తెరిచినట్టే తెరిచాను. మొదటి పేజీలో ఇంగ్లీషులో ఏదో నాలుగు ముక్కలు ఉన్నాయి, చదవకుండా తిప్పేశాను. తరువాతి పేజీ నిండా ఒకే బొమ్మ. ఒక పిల్ల నోరు తెరిచి ఉంది. నల్లటి గీతలు, పక్షుల్లాంటివి, గుంపుగా ఆ నోటి దగ్గర. ముందుకు తిప్పిన కొద్దీ ఆ గీతలు పిల్లని వదిలి సముద్రం మీదికి పోతున్నాయి. చివరికి పిల్ల ఒంటరిగా చీకట్లో కూర్చుని ఉంది, నోటి స్థానంలో ఖాళీ. మా అమ్మాయి కూర్చున్నట్టే.

ఇంక నాకు డాక్టరు అక్కరలేకపోయింది. పుస్తకాలన్నీ సంచిలో కట్టి గోదావరి పాయలో పడేశాను. పంటు రేవులో, బల్లకట్టు కోసం నిలబడ్డ జనం మధ్య, మాస్టారి కూతురు మా పిల్లకి దెయ్యాల పుస్తకాలు అంటగట్టిందని గట్టిగా చెప్పాను. అడిగినవాళ్ళకీ చెప్పాను, అడగనివాళ్ళకీ చెప్పాను.

మా బంధువొకడు గాలి సోకిందేమో చూసి తాడు కట్టే ఆయన్ని తీసుకొచ్చాడు. ఆయన లావణ్య ఎదురుగా కూర్చుని, "మొదట ఏమందండీ పాప?" అని అడిగాడు. "గాలి ఇచ్చేది ఆగిపోయింది అందండి" అన్నాను. ఆయన తల పంకించాడు. "ఆయ్, విన్నారు కదా. దాని పేరు అదే చెప్పుకుందండి. గాలి అని పిల్ల నోటే వచ్చేసింది" అన్నాడు. అక్కడున్న అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లావణ్య అన్నది ఏరేటరు గురించని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. తెలిసి కూడా ఒళ్ళు జలదరించింది. నేను నోరు మెదపలేదు. లావణ్య మెడలో తాయెత్తు తాడు పడింది.

చెరువులో గాలి తగ్గి రొయ్యలు పైకి తేలితే ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఒక్క రొయ్య ఒడ్డుకొచ్చి మందకొడిగా కదులుతున్నా సీసాలో నీళ్ళు పట్టుకుని ల్యాబ్‌కి పరుగెత్తేవాణ్ణి. ల్యాబ్ అబ్బాయి నీళ్ళు చూడకుండా ఏదైనా చెప్పబోతే ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఆ వారంలోనే ఎస్తేరు మా ఇంటికి వచ్చింది. నేను రేవులో అన్న మాటలు అప్పటికే వాళ్ళింటికి చేరాయి. అయినా వచ్చింది. లావణ్య మంచం మీద కూర్చుని ఉంది. ఎస్తేరు దాని చెయ్యి పట్టుకుని, "ఏమే, నేనెవరు?" అంది. లావణ్య చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపింది.

ఎస్తేరు నా దగ్గరికి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. "బాబాయ్ గారూ, ఇది కథలోది కాదండి. మూగది మనుషుల పేర్లు ముట్టుకోదండి. దానికి అదొక్కటే నియమం. కయోకి అన్నీ పోతాయి గానీ గెంజి తాత పేరు పోదండి. ఇది నా పేరే మర్చిపోయింది. కథలా నటించడం లేదండి, దెయ్యం పట్టిందీ కాదండి. ఏదో జబ్బు. హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి, మీకు దణ్ణం పెడతాను."

"నువ్వు తెచ్చిన పీడే ఇది. మళ్ళీ మా గుమ్మం ఎక్కితే బాగోదు" అన్నాను.

ఆ పిల్ల ఏడవలేదు. చెప్పులు వేసుకుంటూ సత్యవతితో ఏదో నెమ్మదిగా చెప్పి వెళ్ళిపోయింది.

తరువాత ఒక ఉదయం లావణ్యకి ఫిట్స్ వచ్చాయి. అమలాపురంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, "ఇది ఎలా మొదలైందండీ?"

"జపాను దెయ్యాల పుస్తకాలు చదివి మనసు పాడైపోయిందండి" అన్నాను.

"అంతకు ముందు జ్వరం..." అని సత్యవతి మొదలుపెట్టింది.

"అది తగ్గిపోయింది కదా, ఊరుకో" అన్నాను.

సీటీ స్కాన్‌లో ఏమీ కనబడలేదు. నేను చెప్పినదాన్ని బట్టి సైకియాట్రీకి రాశారు. ఆయన తప్పని నేను అనను. పిల్ల మాట్లాడలేదు, తల్లిని నేను మాట్లాడనివ్వలేదు, ఆయన చేతిలో ఉన్నది నా కథ ఒక్కటే. వాళ్ళిచ్చిన మందులతో ఇంటికి వచ్చాం. కొద్ది రోజుల్లోనే లావణ్య కట్టెలా బిగుసుకుపోయింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండేది. మాట పూర్తిగా పోయింది. నోరు మాత్రం ఊరికే కదులుతూ ఉండేది, లోపల ఎవరో ఏదో నములుతున్నట్టు. ఆ నోరు చూడలేక నేను చెరువుల దగ్గరే ఉండిపోయేవాణ్ణి.

కాకినాడ తీసుకెళ్ళింది సత్యవతి. నేను వెనక నడిచాను. అక్కడి న్యూరాలజిస్టు మేడమ్ గారు ప్రశ్న అడిగేలోపే సత్యవతి నన్ను కుర్చీలోంచి లేవమని తను కూర్చుంది. జ్వరం, తలనొప్పి, ఏరేటరు, తెల్లది, నిద్ర, నవ్వు, అన్నీ వచ్చిన వరుసలో చెప్పింది. చివర ఎస్తేరు చెప్పినది కూడా.

మేడమ్ గారు రాయడం ఆపారు. "కథలో పేర్లు పోవు, ఈ అమ్మాయికి పోయాయి. అది ఎవరు గమనించేరు?"

"దీని స్నేహితురాలండి."

"తెలివైన పిల్ల. నాకు కావలసింది అదేనండి" అని నా వైపు చూశారు. "అమలాపురం డాక్టరు గారికి మీరు చెప్పినది మీ అభిప్రాయమండి. జరిగినది కాదు."

ఎమ్మారై నార్మల్ అన్నారు. ఈఈజీలో మెదడు బాగా నెమ్మదించిందన్నారు. లంబార్ పంక్చర్ చేసి వెన్నులోంచి నీరు తీసి యాంటీబాడీ టెస్టుకి పంపారు. ఇలాంటి కేసుల్లో ఓవరీలో గడ్డ ఉండవచ్చని కడుపు స్కాన్ తీశారు. అది లేదు. రిపోర్టు వచ్చాక మేడమ్ గారు చెప్పారు: ఆటో ఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్. ఒంటిని కాపాడవలసిన యాంటీబాడీసే మెదడు మీద పడ్డాయి. "పూర్వం ఇలాంటి పిల్లల్ని దెయ్యం పట్టిందనే అనుకునేవారండి. ఇప్పుడు కూడా చాలామంది అటు తిరిగి తిరిగే మా దగ్గరికి వస్తారు."

ముందుగా వచ్చి ఉంటే ఎలా ఉండేదని అడిగాను.

"ముందు వచ్చినవాళ్ళు సాధారణంగా ముందు కోలుకుంటారండి. అంతకంటే అడగకండి" అన్నారు.

స్టెరాయిడ్లు ఎక్కించారు, తరువాత ఐవీఐజీ అనే మందు. తగ్గుతోందనుకుంటుండగా బీపీ, గుండె వేగం అదుపు తప్పాయి. ఐసీయూలో వెంటిలేటరు పెట్టారు. న్యుమోనియా వచ్చింది. ఆశ పెట్టుకోవచ్చా అని నర్సమ్మని అడిగితే, "ప్రార్థన చేసుకోండి బాబాయ్" అని మొహం తిప్పుకుంది. రక్తంలోంచి ఆ యాంటీబాడీస్ తీసెయ్యడానికి ప్లాస్మా ఎక్స్‌ఛేంజ్ చేశారు. దాని తరువాత రిటుక్సిమాబ్ అనే ఇంజక్షన్. వెంటిలేటరు తీశాక కూడా లావణ్య కళ్ళు తెరిచి ఎటో చూస్తూ ఉండేది. నేను మంచం పక్కన నిలబడితే, నా వెనక గోడని చూసినట్టు నన్ను చూసేది. ఈ మనిషి ఎవరో ఆ కళ్ళకి తెలియదు.

సత్యవతి నాకు చెప్పకుండా ఎస్తేరుకి ఫోన్ చేసింది. వాళ్ళ నాన్నగారు తోడు వచ్చారు. ఎస్తేరు కయో కథలో కొత్త భాగం తెచ్చింది. నేను పారేసినవి పోగా, దీన్ని కొత్తగా తెప్పించుకుంది. మంచం పక్కన కూర్చుని, పుస్తకం కుడి చేతి వైపు నుంచి తెరిచి, బొమ్మ బొమ్మకీ వేలు పెట్టి చెప్పసాగింది.

"అటు నుంచా చదవాలి?" అన్నాను. ఆ పిల్లతో అన్నాళ్ళకి నేనన్న మొదటి మాట అది.

ఎస్తేరు నా వంక చూడలేదు. పుస్తకం తిరగేసి రెండో వైపు మొదటి పేజీ చూపించింది. ఆ రోజు నేను చదవకుండా తిప్పేసినలాంటి ఇంగ్లీషు ముక్కలే అక్కడా ఉన్నాయి, వాటికి తెలుగు చెప్పింది. "ఆగండి. మీరు చివరి నుంచి మొదలుపెడుతున్నారు."

అప్పుడు నేను ఆ రోజు చూసిన బొమ్మ గురించి అడిగాను. నల్ల గీతలు పిల్ల నోటి నుంచి సముద్రం మీదికి పోవడం.

"పోవడం కాదండి. అది ఆ భాగం ఆఖరు. గెంజి తాత తను చనిపోయానని తెలుసుకుని, తనకింక అక్కరలేదని తన మాటలన్నీ కయోకి ఇచ్చేస్తాడు. అవి సముద్రం మీద నుంచి వచ్చి ఆమె నోట్లోకి చేరుతున్నాయి" అంది.

ఎస్తేరు ఆ తరువాత కూడా కొన్నిసార్లు కాకినాడ వచ్చింది. ఒక మధ్యాహ్నం కథ మధ్యలో లావణ్య పెదవులు మాట కోసం కదిలాయి. "ఎస్..." అని ఆగింది. మరునాడు "ఎస్తేరు" అంది. దాని నోటికి తిరిగి వచ్చిన మొదటి మాట అదే. అమ్మ అనే మాట తరువాత వచ్చింది. నాన్న అనే మాటకి నేను చాలా రోజులు ఎదురుచూశాను. అది న్యాయమే.

ఇంటికి వచ్చాక మాస్టారి దగ్గరికి వెళ్ళాను. అప్పటికి వాళ్ళావిడ దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే పిల్లలు మానేశారు. బస్సులో ఎస్తేరు పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. ఆ ఇంటి పుస్తకాలు ముట్టుకుంటే దోషమని జనం నా మాటలకి ఇంకొన్ని చేర్చారు. నేను చేతులు జోడించాను. మాస్టారు కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇప్పించి, "క్షమించడానికి నాకేం అభ్యంతరం లేదండీ. కానీ మీరు నా గదిలో చెబితే ఏం లాభమండీ? ఎక్కడన్నారో అక్కడ చెప్పండి" అన్నారు.

పంటు రేవుకి వెళ్ళి చెప్పాను. పుస్తకాల వల్ల కాదు, అది జబ్బు, మాస్టారి అమ్మాయి మాట నేను వినకపోవడం వల్ల నా కూతురు చావు దాకా వెళ్ళింది అన్నాను. కొందరు విన్నారు. ఒక పెద్దాయన మాత్రం నా భుజం తట్టి, "మీరు మంచోరు కాబట్టి అలా కప్పేస్తున్నారండి. మాకు తెలీదా?" అన్నాడు. నేను వదిలిన కథ నేను పిలిస్తే వెనక్కి రావడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను. చదివినవాళ్ళు ఎక్కడైనా ఆ మాట వింటే దయచేసి ఖండించండి.

లావణ్య మళ్ళీ కాలేజీకి వెళుతోంది. మాత్రలు, ఫాలో అప్‌లు ఉన్నాయి. జబ్బు తిరగబెట్టవచ్చని మేడమ్ గారు దాచకుండా చెప్పారు. ఎస్తేరు దానితోనే బస్సెక్కుతుంది, ఫోన్లో గంటలు గంటలు కయో గురించి మాట్లాడుకుంటారు. మా గుమ్మం మాత్రం ఎక్కదు. నేను రమ్మని అడిగాను. "అలాగేనండి" అంది. రాలేదు.

మొన్న చెరువు గట్టు మీద లావణ్య, "నాన్నా, అది ఆగింది" అంది. చెయ్యి చూపించి, నోరు తెరిచి, ఆగింది. నేను మాట అందించలేదు. అందించవద్దని స్పీచ్ థెరపిస్టు చెప్పింది. గట్టు మీద గాలి కూడా లేదు. చెరువు నీళ్ళు నల్లగా కదలకుండా ఉన్నాయి. "ఏరేటరు" అంది చివరికి. అప్పటిదాకా నేను ఊపిరి తీసుకోలేదు.

నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు మీరు తేల్చుకున్న కారణం చెప్పకండి. మొదట ఏం జరిగింది, ఆ తరువాత ఏం జరిగింది, ఆ వరుసలోనే చెప్పండి. రోగి ఏ మాట అంటే ఆ మాటే చెప్పండి, అది మీకు కథలా వినిపించినా సరే. మీకంటే ముందు గమనించినవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళని గుమ్మంలోంచి పంపెయ్యకండి. వెంట తీసుకెళ్ళండి.