పోస్టర్ మీది బొట్టు

ఒక ఎర్ర చుక్కను ఏళ్ల తరబడి మోస్తున్నాను. కంప్యూటర్లో దాన్ని పెట్టడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. తీయడానికీ అంతే పట్టేది. తీయలేదు. ఎందుకు తీయలేదో మీకు చెప్పాలని కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అలా అయితేనే ఈ మాట బయటికి వచ్చేలా ఉంది. తెలిసినవాళ్ల ముందు నోటిదాకా వచ్చి చాలాసార్లు వెనక్కి పోయింది. ఇక దాచే ఓపిక కూడా లేదు.

నేను పాత సినిమాలకు పోస్టర్లు గీస్తాను. ఎప్పుడో వచ్చి, ఆడక, డబ్బాల్లో మూలన పడిన మంచి సినిమాలను ఎవరో ఒకరు బాగు చేయించి మళ్లీ చూపిస్తుంటారు. వాటికి పోస్టరు, డిస్కు వేస్తే దానికి అట్ట, నా పని. ఉండేది జనగామలో. ఇలాంటి పని ఒకటుందని మా ఇంటి ఓనరుకు ఇప్పటికీ నమ్మకం లేదు. నేను ఫ్లెక్సీలు చేస్తానని ఆయన అభిప్రాయం. మనవడి పుట్టినరోజు వచ్చినప్పుడల్లా ఫ్లెక్సీ అడుగుతాడు. కాదని చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఇప్పుడు చేసి ఇచ్చేస్తున్నాను.

ఆ సినిమా నలుపు తెలుపుది. ఒక కూలి మనిషి కథ, ఆడమనిషి. హైదరాబాద్‌లో ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్లు బాగు చేయించారు. పాత ఫోటోలన్నీ చెదలు పట్టి పోయాయి. నటించిన ఆమె ముఖం వాడదామంటే ఆమె ఇంటివాళ్లు ఒప్పుకోలేదు. పోస్టరు నిండా ఒక ముఖం ఉండాలి, మన మట్టి కనపడాలి అన్నారు సొసైటీ వాళ్లు. మన మట్టి అంటే ఏమిటని నేను అడగలేదు. అడిగితే వాళ్లకూ తెలియదు.

నా ఫోన్లో మా పెద్దమ్మ ఫోటో ఉంది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. భూపాలపల్లి జిల్లా, మొగుళ్లపల్లి దగ్గర పల్లె. మిర్చి కల్లంలో కాయలు ఏరుతూ తల ఎత్తినప్పుడు తీశాను. ఎండ ఒక చెంప మీద పడుతోంది. గడ్డం మీద ఎడమవైపు చిన్న గాటు, చిన్నప్పుడు గడ్డి కోస్తుంటే కొడవలి తగిలింది. నుదురు విశాలంగా, ఖాళీగా ఉంది. ఆ ఫోటో మీదే గీశాను. గీత గీతకీ ఆమే. గాటు కూడా వదల్లేదు, అది బాగుందని.

అంతా అయ్యాక చూస్తే ఏదో తక్కువైనట్టు అనిపించింది. నుదుటి మీద ఎర్రగా, గుండ్రంగా, పెద్ద బొట్టు పెట్టాను. నలుపు తెలుపులో ఆ ఒక్కటే రంగు. పోస్టరు లేచి నిలబడింది. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమే, అబద్ధం చెప్పను.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. నేను బొట్టు పెట్టుకోను. చదువుకునే రోజుల్లో మానేశాను, అలవాటైపోయింది. నా నుదురు ఖాళీగా ఉంటే అది నా ఇష్టం. ఆమె నుదురు ఖాళీగా ఉంటే అది లోటని నాకు ఎందుకు అనిపించింది? అప్పుడు ఈ ప్రశ్న నాకు రాలేదు. వచ్చిందేమో, నేనే పక్కకు నెట్టానేమో, ఇప్పుడు చెప్పలేను.

ఎందుకంటే ఆ ఖాళీ నుదురు ఆమెకు ఊరికే రాలేదు, అది నాకు తెలుసు. నా చిన్నప్పుడు పెద్దమ్మ ప్రార్థనలోకి పోయింది. బాప్తిస్మం తీసుకున్న రోజే బొట్టు తీసేసింది. పెదనాన్న నిక్షేపంగా ఉన్నాడు. ఆయనేమీ అనలేదు. అన్నది ఊరు. మొగుడు బతికుండగానే బొట్టు తీసిన ఆడది అని ఎదురొస్తే పక్కకు తప్పుకునేవాళ్లు. మా అక్క పెళ్లికి పసుపు దంచడానికి సొంత చెల్లెలే, మా అమ్మే, ఆమెను పిలవలేదు. పెద్దమ్మ పెరట్లో కూర్చుని వంకాయలు తరుగుతూ, లోపల రోకటి చప్పుడు వింటూ ఉండిపోయింది. నేను పక్కనే ఉన్నాను. తరిగిన ముక్కలు ఉప్పునీళ్లలో వేస్తున్నది నేనే. ఇంత తెలిసినదాన్ని, ఆ నుదుటి మీద వేలు పెట్టి దిద్దినట్టు బొట్టు దిద్దాను.

పోస్టరుకు పేరొచ్చింది. హైదరాబాద్‌లో శాలువా కప్పారు. ఈ ముఖం ఎవరిదని ఎవరో అడిగారు. ఎవరిదీ కాదు, అందరిదీ అన్నాను మైకులో. చప్పట్లు కొట్టారు. ఆ మాట నాకే ఎంత నచ్చిందంటే, డిస్కు వేసే కంపెనీవాళ్లు అడిగినప్పుడూ అదే చెప్పాను, ఊహించి గీశానని. ఒకసారి చెప్పాక దాని మీదే నిలబడాల్సి వచ్చింది. తర్వాత సొసైటీ వాళ్లు సినిమాను జిల్లాలకు తిప్పారు. జనగామ, తొర్రూరు, మహబూబాబాద్, చివరికి భూపాలపల్లి. బస్టాండు గోడల మీద మా పెద్దమ్మ ముఖం.

పెద్దమ్మ వెళ్లే చర్చి సంఘంలో వాళ్లెవరో భూపాలపల్లి బస్టాండులో చూసి ఫోన్లో ఫోటో తీసుకున్నారు. ఆదివారానికల్లా అందరూ చూశారు.

ఆమె నా దగ్గరికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది, మరిచిపోవాలని చూశాను కాబట్టి. పరకాలలో బస్సు మారి, హనుమకొండలో మారి, మధ్యాహ్నానికి జనగామ చేరింది. సంచిలో నాకని కారం డబ్బా. నా గదిలో గోడకు ఆ పోస్టరు అద్దం కట్టించి పెట్టుకున్నాను. ఆమె వస్తుందని తెలిసుంటే తీసేసేదాన్నే. నీళ్లు తాగి, చెంబు కింద పెట్టి, పోస్టరు దగ్గరికి పోయి నిలబడింది.

"గిది నేనే కద బిడ్డా?"

"కాదు పెద్దమ్మా."

"మరి గీ గాటు?" పోస్టరు మీద కాదు, తన గడ్డం మీద వేలు పెట్టి అడిగింది.

"బొమ్మలల్ల గట్ల కలుస్తయి. సినిమాల ఆమెను చూసి గీసిన."

ఆమె వచ్చి మంచం అంచున కూర్చుంది.

"నేను బొట్టు వెట్టుకొని సినిమాల చేసిన అంటున్నరు. సంఘం ముంగట నిలవడి ఒప్పుకో, ప్రార్థన చేస్త, అయిపోతది అంటున్నడు అయ్యగారు. ఏమని ఒప్పుకోను? నేను వెట్టుకోనేలేదు. నువ్వే బొమ్మల వెట్టినవనుకో, గంతే చెప్పు. అయ్యగారికి ఫోన్ల ఒక్క మాట. నీ మీద నాకేం కోపం లేదు బిడ్డా."

ఇంతకంటే తేలిక చేసి ఎవరూ అడగలేరు. ఫోను నా చేతిలోనే ఉంది. అదే బొమ్మతో డిస్కు అట్ట అప్పుడే అచ్చుకు పోతోంది. మైకులో అన్న మాట చెవుల్లో ఉంది. పల్లెలో ఒక చర్చి, నాలుగు చాపలు, వీళ్లు అయ్యగారనే ఒక పాస్టరు, అక్కడ ఏమనుకుంటే ఏం, నాలుగు రోజులకు మరిచిపోతారు అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను.

"అది నువ్వు కానప్పుడు నేనేం చెప్పాలె పెద్దమ్మా?"

ఆమె నా ముఖం వైపు చూసింది. కోపంగా కాదు. ఏదో వెతికినట్టు.

"సరే తీ బిడ్డా. నువ్వు కాదంటే కాదు. బొమ్మలు గీసేదానివి, నీకు తెలువదా."

అన్నం తినమంటే బస్సు పోతుందని లేచింది. బస్టాండు దాకా వెళ్లాను. కిటికీలోంచి, కారం ఎండలో పెట్టు, లేకుంటే పురుగు పడుతది అని చెప్పింది.

ఆమె నిజంగా నమ్మిందా? ఈ ప్రశ్న ఒక్కటే నన్ను ఎక్కువగా తినేసింది. నమ్మి ఉంటే, తన ముఖం తనది కాదని నేను చెబితే నమ్మేంతగా నన్ను నమ్మింది. నమ్మకపోయి ఉంటే, తెలిసి కూడా నన్ను బజారున పెట్టకుండా ఆ మాట అక్కడే మూసేసింది. రెండిట్లో ఏది తేలికో ఇన్నేళ్లయినా నాకు తేలలేదు.

తిరిగి వెళ్లి సంఘంలో నిలబడి, అది నేను కాదు, మా బిడ్డ చెప్పింది అన్నదట. గాటు అంత స్పష్టంగా ఉంటే కాదంటుందేమిటని అందరూ ముఖాలు చూసుకున్నారట. బొట్టు సంగతి అంతటితో వెనక్కి పోయింది. ప్రభువు ముందు అబద్ధమాడింది అన్నదే మిగిలింది. అయ్యగారు మంచి మనిషే. ఒప్పుకునే దాకా బల్ల తీసుకోవద్దన్నాడు. బల్ల అంటే ప్రార్థనలో సంఘానికంతా పంచే రొట్టె, ద్రాక్షరసం. ఒక్క మాట ఒప్పుకుంటే ఆమెకు మళ్లీ ఇచ్చేవాళ్లు. చేయని తప్పు ఆమె ఒప్పుకోలేదు. అంతకుముందు సంఘంలో పాట ఎత్తేది ఆమే. తర్వాత తలుపు దగ్గర చాప మీద కూర్చునేది, ఎవరో ఎత్తిన పాటకు గొంతు కలిపేది, బల్ల వేళకు లేచి బయట వేపచెట్టు కింద నిలబడేది. ఇదంతా మా తమ్ముడు, ఆమె కొడుకు, మాటల మధ్యలో చెప్పాడు. విన్నాను. అయ్యో అన్నాను. ఆ అయ్యోలో కూడా కొంచెం నటన ఉంది.

అయ్యగారికి ఫోన్ చేయాలని అనుకోని నెల లేదు. తర్వాత తర్వాత అది కూడా అలవాటైపోయింది.

పోయిన ఎండాకాలం పెద్దమ్మ చనిపోయింది. జ్ఞాపకార్థ కూడికకు ఫ్లెక్సీ కావాలన్నాడు తమ్ముడు. అమ్మ ఫోటో మంచిది ఒక్కటి కూడా లేదు అక్కా, నీ దగ్గర ఉంటది కద అన్నాడు. ఉంది. కల్లంలో తీసింది. తెరిచాను. ఎండ, గాటు, ఖాళీ నుదురు. ఇది పెడితే చాలు, నేను నోరు విప్పకపోయినా సంఘం మొత్తానికి తెలిసిపోతుంది. పోస్టరు ఎక్కడినుంచి వచ్చిందో, బొట్టు ఎవరు కలిపారో.

ఏం చేశానో చెబుతాను. ఫోటోను అద్దంలో చూసినట్టు తిప్పేశాను. కుడి ఎడమైంది. గాటు అటు పక్కకు పోయింది. వెనక కల్లం తుడిచేసి నీలం రంగు, తెల్ల పావురం పెట్టాను. పోలిక తెలియకుండా.

పైట సంగతి మరిచిపోయాను. ఫోటో తిప్పితే పైట కూడా కుడి భుజం మీదికి వచ్చింది. కూడికలో మా తమ్ముడి భార్య ఫ్లెక్సీ వైపు చాలాసేపు చూసి, "అత్తమ్మ పైట గిటెందుకు వడ్డది వదినా?" అని అడిగింది. ఫోటోలో అట్లనే వస్తది అన్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

తర్వాత అయ్యగారు ప్రార్థన చేశాడు. ముసలివాడైపోయాడు, గొంతు వణుకుతోంది. మా సహోదరి తెలిసో తెలియకో ఆడిన అబద్ధాన్ని క్షమించు ప్రభువా అన్నాడు. నిజమైన దుఃఖంతోనే అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు.

నేనూ అన్నాను.

అక్కడ లేచి నిలబడటానికి అదే సమయం. వాళ్ల పద్ధతే అది, అందరి ముందు నిలబడి చెప్పడం. కాళ్లు ముడుచుకుని చాప మీదే ఉండిపోయాను. వడ్డించింది తిన్నాను. సాయంత్రం బస్సుకు వచ్చేశాను.

ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరు క్షమించలేరు, క్షమించాల్సింది మీరు కాదు. అయ్యగారికి చెప్పే ధైర్యం రేపు వస్తుందని కూడా అనను, నా సంగతి నాకు తెలుసు. కానీ ఇన్నేళ్లలో మొదటిసారి ఈ మాటలు ఒక వరసలో పెట్టాను. కొంచెం ఊపిరాడుతోంది.

ఆ డిస్కు ఇంకా అమ్ముతున్నారు. మీ అలమరలో ఉందేమో. ఉంటే అట్ట ఒకసారి చూడండి. గడ్డం మీద ఎడమవైపు గాటు ఉంటుంది. ఆ ముఖం మా పెద్దమ్మది. ఆ బొట్టు నాది.