చెప్పే పేజీ

తల్లిని పూడ్చిపెట్టిన రోజున తుయిరే అడవిలో బ్లూబెర్రీలు ఏరుతోంది. పూడుస్తున్నారన్న సంగతే కాదు, అసలు తల్లి పోయిందన్న సంగతి కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అప్పటికి ఆమెకు పదమూడేళ్ళు. అమ్మ ఆస్పత్రిలో ఉంది, నయమయ్యాక వస్తుంది అన్నారు. ఆ పొద్దున పెద్దమ్మ హెల్వి ఆమె చేతికి బకెట్ ఇచ్చి, "వెళ్ళి బెర్రీలు ఏరుకురా తల్లీ. బకెట్ నిండేదాకా రాకు" అంది. తుయిరే మాట వినే పిల్ల. పైగా అమ్మకు బెర్రీలు పాలల్లో చిదుపుకుని తినడమంటే ఇష్టం. ఆస్పత్రికి పట్టుకెళ్దామని ఒక్క ఆకు, ఒక్క పుల్ల పడకుండా ఏరింది. దోమలు పీక్కుతిన్నా కదల్లేదు.

బకెట్ నిండాక ఇంటికొస్తే గుమ్మంలో నల్లబూట్లు వరసగా విప్పి ఉన్నాయి. లోపల కాఫీ కప్పుల చప్పుడు. బల్ల మీద క్రీము పూసిన పెద్ద కేకు.

"ఎవరిది పుట్టినరోజు?" అంది తుయిరే.

ఎవరో చెంచా కింద పెట్టారు. మామయ్య కిటికీలోంచి చూస్తూ, "సాయంత్రానికి వాన పడేలా ఉంది" అన్నాడు.

"చేతులు కడుక్కురా. కేకు పెడతాను" అంది హెల్వి.

తుయిరే చేతులు కడుక్కుని కేకు తింది. బాగుందని ఇంకో ముక్క అడిగి మరీ తింది. రెండు రోజుల తర్వాత చెరువులో ఈత కొడుతుంటే పక్కింటి పిల్ల అంది: "మీ అమ్మ సమాధి మీద పూలు భలే ఉన్నాయి, మేం నిన్న చూశాం."

అన్నిట్లోకీ ఆమె క్షమించలేకపోయింది ఆ రెండో ముక్కనే. హెల్విని కూడా ఎప్పుడో క్షమించేసింది. పిల్ల మనసు కష్టపడకూడదనుకున్నారట, పాపం. పెద్దవాళ్ళు తమకు చేతకాని పనికి ఎప్పుడూ ఆ పేరే పెడతారు.

సెలవులు అయిపోయి బడి తెరిచారు. బస్సు ఎప్పటిలాగే పాలకేంద్రం మలుపు తిరిగి వచ్చింది. డ్రైవరు, "అబ్బో, ఎండకు బాగా నల్లబడ్డావే!" అని నవ్వాడు. తుయిరే ఎక్కి కూర్చుంది. కిటికీలోంచి చూస్తే పొలాలు, గాదెలు, తపాలా డబ్బాలు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఒక్క గాదె అయినా కూలలేదు.

* * *

పెద్దయ్యాక ఆమె కొత్కా అనే రేవు పట్టణంలో ఒక అపార్ట్‌మెంటు బిల్డింగు బాగోగులు చూసే పనిలో చేరింది. మెట్లు కడగడం, మంచు తొయ్యడం, ఆవిరిస్నానాల సౌనా గదికి ఎవరి వంతు ఎప్పుడో చూడడం, బట్టలుతికే యంత్రంలో ఇరుక్కున్న పిల్లల మేజోళ్ళు పీకడం. కొన్నాళ్ళు ఒకాయనతో కలిసి ఉంది. మంచివాడే. రేడియో వినేవాడు. ఒక వసంతంలో రేడియోతో సహా వెళ్ళిపోయాడు. తర్వాత ఎవరూ రాలేదు, ఆమె పిలవనూ లేదు.

వాళ్ళ దేశంలో ప్రతి పెద్ద బిల్డింగు కిందా యుద్ధం వస్తే దాక్కోవడానికి ఒక షెల్టరు ఉంటుంది. జానెడు మందం ఇనపతలుపు, కిటికీల్లేని కాంక్రీటు గది. యుద్ధం రాని రోజుల్లో అందులో మంచు మీద జారే స్కీలు, సైకిళ్ళు, పిల్లలు ఎదిగాక పనికిరాని ఉయ్యాలబళ్ళు పడేస్తారు. దాన్ని చూసుకునే మనిషి ఒకరుండాలి. బిల్డింగు మీటింగులో ఎవరుంటారని అడిగితే అందరూ కాఫీ కప్పుల్లోకి చూశారు. తుయిరే చెయ్యెత్తింది.

ఆమె ఆ గదిలో ఒక మూల బల్ల వేసి, గోడకు అర కొట్టి, పుస్తకాలు పెట్టింది. అన్నీ ఒకే రకం. లోకం అంతమైపోతుంది, పిల్లలు మిగులుతారు. వరదో, మంటలో, రోగమో, సూర్యుడు ఆరిపోవడమో. మిగిలిన పిల్లలు ఆ బూడిదలో పెద్దవాళ్ళవుతారు. ఎవరైనా తీసుకుపోవచ్చు, తెచ్చి పెట్టెయ్యచ్చు.

రెండో అంతస్తు రైమో, రిటైరైన ఓడ వంటవాడు, మెట్ల మీద ఎదురైనప్పుడల్లా వదిలేవాడు కాదు.

"ఏం తుయిరే, ఈ వారం దేంతో పోయింది లోకం?"

"జబ్బుతో."

"ఎవరూ మిగల్లేదా?"

"నీలాంటి ముసలాడొకడు మిగిలాడు. వాగి వాగి మిగతావాళ్ళనీ చంపేశాడు."

"చూశావా, హీరోని నేనే!"

ఆ పుస్తకాల్లో చాలావాటి రచన నాసిరకమని ఆమెకు తెలుసు. లోకమంతా కాలిపోయినా ఎవరికీ పన్ను నొప్పి రాదు. డబ్బాల్లో చిక్కుళ్ళు ఎంత తిన్నా తరగవు. చక్కటి చదువులు చదివినవాళ్ళు ఇలాంటివాటిని చూసి ముక్కు విరుస్తారు. విరవనీ, వాళ్ళ ఇళ్ళల్లో చావు సంగతి పిల్లలకు ఎవరు చెప్పారో అడిగి చూడండి. తుయిరే రచన కోసం చదవలేదు. ప్రతి పుస్తకంలోనూ ఒక పేజీ ఉంటుంది. అక్కడ ఎవరో ఒకరు, అన్నో, టీచరో, దారిన పోయే సైనికుడో, మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల కళ్ళలోకి చూసి చెబుతారు: మీ అమ్మ ఇక రాదు. తుయిరే ఆ పేజీ కోసం చదివేది. అది వచ్చాక ఒకటికి రెండుసార్లు చదువుకుని, పుస్తకం మూసి, అరలో పెట్టేసేది. ఆ పిల్లలు చివరికి ఏమయ్యారో ఆమెకు ఒక్క పుస్తకంలోనూ తెలియదు.

* * *

మూడో అంతస్తులో పిహ్లా అనే పిల్ల ఉండేది. తండ్రి తార్మో రేవులో క్రేను నడిపేవాడు. తల్లికి జబ్బు చేసిన వసంతంలో ఆ పిల్ల సైకిలు కోసం కిందికొచ్చి, సైకిలు మరిచిపోయి, అర ముందు నిలబడిపోయింది. తర్వాత రోజూ రావడం మొదలుపెట్టింది. తుయిరే స్క్రూలు బిగించుకుంటూ ఉండేది, పిల్ల తలకిందులు చేసిన పాలపెట్టె మీద కూర్చుని చదువుకునేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకున్నది లేదు. ఒకసారి మాత్రం పిహ్లా తల ఎత్తకుండానే అడిగింది.

"నువ్వు సగంలోనే ఆపేస్తావు కదా? అన్ని పుస్తకాల్లోనూ నువ్వు గుర్తుకు పెట్టిన ఊలుదారం సగంలోనే ఉంటోంది."

"ఆపేస్తా."

"నేను ఆ సగం దాటేస్తా. తర్వాతదే కావాలి నాకు."

అక్టోబరులో పిల్ల తల్లి పోయింది. ఆ తర్వాత వారం తార్మో షెల్టరుకు దిగి వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. ఇనపతలుపు పట్టుకుని నిలబడి అర వైపు చూశాడు.

"ఇలాంటివి దానికి ఇవ్వకు తుయిరే. తల్లి పోయిన పిల్ల, అందరూ చచ్చే కథలు చదువుకుంటూ కూర్చుంటే ఏమైపోతుంది?"

తుయిరే అరలో పుస్తకం ఒకటి సర్దింది.

"ఇంకొకటి. శనివారం ఖననం. తల్లి పోయిందని పిల్లకి తెలుసు, ఖననం సంగతి చెప్పలేదు. సెలవులిచ్చారుగా, మా అక్క దగ్గరికి పంపేస్తున్నా, అక్కడ గుర్రాలున్నాయి. నాకు పొద్దున్నుంచీ చర్చిలో పని. నువ్వు కాస్త స్టేషన్లో దింపుతావా? నువ్వయితే ఎక్కువ మాట్లాడవు."

"ఎప్పుడు చెబుతావు మరి?"

"తర్వాత. మంచు పడ్డాక, అంతా తెల్లగా అయ్యాక తీసుకెళ్ళి చూపిస్తా. చిన్నపిల్ల. ఆ గొయ్యి చూసి ఏం చేస్తుంది? నేనే చూడలేను." వెంటనే తలుపు గొళ్ళెం ఆడించి, "దీనికి నూనె పెట్టాలి" అన్నాడు.

"సరే" అంది తుయిరే.

గొళ్ళానికి అన్నదో, స్టేషనుకు అన్నదో ఆమెకే తెలియదు. చెప్పవలసిన చోట వాన గురించో నూనె గురించో మాట్లాడే మనుషుల మధ్య ఆమె పెరిగింది, ముసలిదయింది. ఆమె నోటికి వచ్చింది కూడా అదే. తార్మో ఆమె భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆ వారమంతా ఆమె ఏ పుస్తకం తెరిచినా రెండో పేజీ దాటలేకపోయింది. ఆ పిల్ల చేతికి ఇప్పుడు బకెట్ ఇస్తున్నది తనే.

* * *

శనివారం పొద్దున పిహ్లా వీపున సంచీతో, తెల్లబూట్లతో వచ్చి వ్యానులో కూర్చుంది. ఒళ్ళో పుస్తకం. చినుకులు పడుతున్నాయి. బేకరీ ముందు జనం ఎప్పటిలాగే క్యూ కట్టారు.

"నాన్న చదవద్దన్నాడు" అంది పిహ్లా. "భయమేస్తుందట."

"వేస్తుందా?"

"ఇవి చదివితే వెయ్యదు. బేకరీ చూస్తే వేస్తుంది." తుయిరే వైపు తిరిగి అడిగింది: "నువ్వెందుకు చదువుతావు? నువ్వు పెద్దదానివి కదా."

తుయిరే వైపరు వేసింది. అది కీచుమంది.

"ఆ కథల్లో బస్సులు ఆగిపోతాయి" అంది. "బడి ఉండదు, బేకరీ ఉండదు. పిల్లకి ఏం జరిగిందో అందరికీ అదే జరుగుతుంది. మా అమ్మ పోయినప్పుడు బస్సు టైముకే వచ్చింది. నాకొక్కదానికే లోకం పోయింది. ఒక్కదానికే పోతే దాన్ని పోవడమని ఎవరూ అనరు, పెద్దదవుతోంది అంటారు."

పిహ్లా బయటికి చూస్తూ ఉంది. "మా క్లాసులో అందరూ నాతో మెల్లగా మాట్లాడుతున్నారు. నేను వెళ్ళగానే మామూలుగా మాట్లాడుకుంటున్నారు. నాకు వినిపిస్తుంది."

స్టేషను వైపు తిరిగే మలుపు వచ్చింది. తుయిరే తిరగలేదు. రోడ్డు పక్కన బండి ఆపి, ఇంజను కట్టేసింది. చేతులు స్టీరింగు మీదే ఉంచింది. పుస్తకాల్లో చెప్పేవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుంటారు. వ్యానులో ఆ వీలు లేదు. ఇన్నేళ్ళు అన్నిసార్లు చదివిన పేజీలో ఒక్క మాట కూడా గుర్తు రాలేదు.

"పిహ్లా. ఇవాళ మధ్యాహ్నం మీ అమ్మని పూడుస్తున్నారు. మీ నాన్న నీకు చెప్పలేకపోయాడు. చెడ్డవాడై కాదు. నిన్ను రైలెక్కిస్తానని నేను ఒప్పుకున్నా. నువ్వు రైలంటే రైలుకే తీసుకెళ్తా. చర్చి అంటే చర్చికి."

పక్కనుంచి లారీ పోతే వ్యాను ఊగింది.

"నా బూట్లు తెల్లవి" అంది పిల్ల చివరికి.

"అయితే ఏం? బురదగా ఉంది, కాసేపట్లో నల్లబడతాయి."

మధ్యాహ్నం వాళ్ళు చేరేసరికి శ్మశానంలో పెట్టెను పట్టీలతో గోతిలోకి దించేసి, బంధువులు అప్పుడే పారలు పట్టుకుంటున్నారు. అక్కడ మట్టి వెయ్యడం ఇంటివాళ్ళ పనే, కూలివాళ్ళకు వదిలెయ్యరు. తార్మో తల ఎత్తి కూతుర్ని చూశాడు, ఆమె వెనక తుయిరేని చూశాడు. పార పట్టుకునే రెండంగల్లో వచ్చాడు.

"నీకు ఎవరిచ్చారు హక్కు?" గొంతు అణుచుకుని అన్నాడు. "మెట్లు తుడుచుకునేదానివి, నా ఇంట్లో దూరతావా?"

పిహ్లా వాళ్ళిద్దరి మధ్య నుంచి వెళ్ళి గోతిలోకి చూసింది. తిరిగి వచ్చి తండ్రి చేతిలో పార పట్టుకుని లాగింది. అతను వదల్లేదు. ఇంకోసారి లాగింది. వదిలేశాడు. మొదటి మట్టి పెట్టె మీద పడిన చప్పుడు గేటు దాకా వెనక్కి వెళ్ళి నిలబడ్డ తుయిరేకి వినిపించింది. తర్వాత ఇంకో పార చప్పుడు, కూతురి పక్కనే.

ఖననం తర్వాత అందరికీ ఇచ్చే కాఫీకి, కేకుకి ఆమెను ఎవరూ పిలవలేదు.

* * *

తార్మో ఆమెతో మళ్ళీ మాట్లాడలేదు. మరుసటి మీటింగులో, షెల్టరులో తగలబడే వస్తువులు ఉండకూడదని ఒక మాట పుట్టించాడు. అర పీకేశారు. చెక్క స్కీలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. రైమో ఒక్కడు, "నన్ను తీసేసినట్టుందే, హీరోని" అని గొణిగాడు, కానీ చెయ్యి ఎత్తలేదు. పిహ్లా బడి అయ్యాక నర్సు చదువుకు వేరే ఊరెళ్ళిపోయింది. రైమో చనిపోయాడు. తుయిరేతో మెట్ల మీద పరాచికాలాడేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

చివరిసారి తుయిరే, పిహ్లా కలుసుకున్నది ఒక నవంబరు మధ్యాహ్నం, బిల్డింగు ఎదుట బస్టాపులో. పిహ్లా శీతాకాలం బట్టలు తీసుకుపోవడానికి వచ్చి వెళుతోంది. తుయిరే కాలిబాట మీది గడ్డమంచు మీద బకెట్లోంచి ఇసక చల్లుతోంది.

"పుస్తకాలేమయ్యాయి?"

"కొన్ని మంచం కింద ఉన్నాయి."

"ఆ రోజు నన్ను రైలెక్కించి ఉంటే బాగుండేదని ఒక ఏడాది అనుకున్నా" అంది పిహ్లా. "ఆ మట్టి చప్పుడు కల్లోకి వచ్చేది."

"తర్వాత?"

"తర్వాత అనుకోలేదు."

తుయిరే తల ఊపి ఇంకో గుప్పెడు ఇసక చల్లింది.

"నాన్న నిన్ను అడిగాడు."

"ఏమని?"

"ఏమీ లేదు. బాగానే ఉందా అని."

"బాగానే ఉందని చెప్పు."

పిహ్లా ఇంకేదో అనబోయింది. చేతి తొడుగు తీసింది, మళ్ళీ తొడుక్కుంది. తుయిరేకి ఆ మాట వినాలనే ఉంది, చాలా ఏళ్ళుగా ఉంది. రేవు మలుపు దగ్గర దీపాలు కనిపించాయి. ఆమె బకెట్ పక్కకు జరిపి దారిచ్చింది.

"వచ్చింది చూడు పాడు బస్సు, ఎప్పటిలాగే టైముకి. ఎక్కు."