మధ్యాహ్నం మూసుకునే పెట్టె

కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళే రోజులవి. గోదావరిఖనిలో మా ఆఫీసు ఏసీ కూడా ఆ యంత్రాల కోసమే. వాటి పుణ్యాన మేమూ చల్లబడేవాళ్ళం. తెర మీద బటను కావాలంటే ఇప్పటి పిల్లలు ఎక్కడినుంచో తెచ్చి అతికిస్తారు. మాకా భాగ్యం లేదు. అందుకే నేనూ, నాతోపాటే తాత్కాలికంగా చేరిన భాయ్ కలిసి మెనూలు, బటన్లు, ప్రశ్నలడిగే పెట్టెలు ఒకేచోట రాసిపెట్టి, ఏ ప్రోగ్రాముకైనా వాడుకునేలా ఒక సరంజామా తయారుచేశాం. పేరు 'పందిరి'. (రాయడానికన్నా పేరు పెట్టడానికే ఎక్కువ కాలం పట్టిందని భాయ్ ఇప్పటికీ అంటాడు.) ఇద్దరికీ కాలు ఒకచోట నిలిచేది కాదు. బాగా పనిచేస్తున్నదాన్ని చూస్తే చేతులు దురదపెట్టేవి. అట్లా ఒకరోజు, మౌసు బాణం పెట్టె దాటి బయటికి పోతే పెట్టె తనంతట తానే మూసుకునేలా మార్చి, ఒకరి భుజం ఒకరం తట్టుకున్నాం.

వారం తిరగకముందే హాజరు ఎక్కించే అక్క వచ్చింది. "తమ్మీ, పొద్దుగాల మంచిగనే ఉంటది. అన్నం తిని కూసున్నంక మీ పెట్టె దానంతటదే మూసుకుంటది. కొట్టినయన్ని మళ్ల కొట్టాలె. నేనేం ముట్టలే" అంది. ఇక మాకు నిద్రా తిండీ లేవు. రాసిన ప్రతి వరుసా తిరగేశాం. భాయ్ మెమరీని అనుమానించాడు, నేను భాయ్‌ని అనుమానించాను. పొద్దున ఎంత పరీక్షించినా పెట్టె బుద్ధిగా ఉండేది, మధ్యాహ్నం మళ్ళీ మామూలే. చివరికి పెద్దసారు హైదరాబాదునుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించాడు. (మే నెలలో టై కట్టుకొచ్చాడు కనుక ఆయన మాకు టై సారు.) "శనివారం దాంక చూస్త. నిలవకుంటే ఈ సారు దగ్గర తయారుగున్నది కొంటం, మీరిద్దరు ఇంటికి పోవచ్చు" అన్నాడు పెద్దసారు.

ఇల్లంటే నాకు బాపు. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మీది బండను పేల్చే డ్యూటీ ఆయనది. కుర్చీలో కూర్చుని చేసేది పనే కాదని ఆయన నమ్మకం. "పోతే పోనీ, ఫికర్ ఎందుకు? టోపీ పెట్టుకోని నా ఎంబడి రా" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

శుక్రవారం మధ్యాహ్నం టై సారు మా బల్ల దగ్గర కూర్చుని ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తున్నాడు. చాయ్ వచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన మాయమయ్యాడు. చూస్తే బల్ల కింద ఉన్నాడు.

"ఏమైంది సార్?"

"భూకంపం. మీకు తెలియలేదా?"

"ఏంది సార్... ఓ, గా చప్పుడా? గనిల బ్లాస్టింగ్. రోజు గీ టైంకు అయితది" అన్నాడు భాయ్.

అప్పుడు చూసుకున్నాం, ఇద్దరి చాయ్ గ్లాసులూ గాలిలో ఉన్నాయి. గని కాలనీలో పుట్టిన చేతులు. బల్ల అదిరితే చాయ్ ఒలకకుండా వాటంతటవే పైకి లేస్తాయి, మాకు కబురు కూడా చెప్పవు. టై సారు మెల్లగా కళ్ళవరకు మాత్రం పైకొచ్చి, "ఆ మౌసు ఎవరూ పట్టుకోకుండానే కదులుతోందండీ" అన్నాడు. ఏటవాలు బల్ల, కింద గుండ్రటి బంతి ఉన్న మౌసు. తెర మీద బాణం నింపాదిగా పెట్టె దాటింది. పెట్టె మర్యాదగా మూసుకుంది.

సాయంత్రానికల్లా సరిచేశాం: ఇకమీదట క్లిక్ చేస్తేనే పెట్టె మూసుకోవాలి. ఇంటికెళ్ళి బాపుకు చెబితే అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "ఇన్నేండ్ల సంది పేలుస్తున్న. గోడలు పలిగినయి, గిన్నెలు పడ్డయి. కాలనీల ఒక్కరన్న అడగలే. మొదటి ఫిర్యాదు నా కొడుకుదే" అన్నాడు. మళ్ళీ అన్నం కలుపుతూ, "మరి ఇప్పుడు తట్టుకుంటదా?" అని అడిగాడు. నా పని గురించి ఆయన అడిగిన మొదటి మాట అదే.

"తట్టుకుంటది బాపూ" అన్నాను. (ఇంకా పరీక్ష కాలేదని చెప్పలేదు.)

"అయితే రేపు జర గట్టిగనే పెడ్త. చూసుకో."

మరునాడు పెద్దసారు, టై సారు, అక్క అందరూ తెర చుట్టూ చేరారు. పుట్టినప్పటినుంచీ పట్టించుకోని ఆ చప్పుడు కోసం ఆ రోజు చెవులు రిక్కించి కూర్చున్నాను. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. బాణం పోయింది, పెట్టె నిలిచింది. మా కొలువులూ నిలిచాయి. పేలుడు మందు ఎంత పెట్టాలో పైవాళ్ళే రాసిస్తారని, బాపు ఇష్టానికి గట్టిగా పెట్టడం కుదరదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అయినా ఆ శనివారం ఆయన నా కోసమే పేల్చాడనుకోవడం ఆ వయసులో బాగుండింది. ఈ వయసులో ఇంకా బాగుంది.