కారు తలుపుల్లో కొత్త స్పీకర్లు

మా ఆవిడకు సంగీతం వినే చెవి లేదని బంధువుల ముందు చాలాసార్లు అన్నాను. అది తప్పు.

మా పాత చిన్న కారులో స్పీకర్లు గరగరమంటుంటే కోఠిలో కొత్తవి కొని, అశోక్‌నగర్‌లో మా ఇంటి ముందే తలుపులు విప్పి నేనే బిగించాను. పాట పెట్టాను.

"మంచిగనే ఉంది గానీ, మృదంగం యాడికి పోయిందండీ?" అంది పక్క సీట్లోంచి మా ఆవిడ.

"నీ చెవికి మృదంగమైతేనేం, మిక్సీ అయితేనేం!"

"జర ఒక దిక్కుది బంద్ చెయ్యున్రి."

ఎడమవైపుది ఆపగానే మృదంగం గుండెకు తగిలింది. విప్పి చూస్తే, ఆ తలుపులో ప్లస్, మైనస్ వైర్లు తారుమారుగా కలిపాను. అందుకే రెండు స్పీకర్లూ ఒకదాని మోతను ఒకటి మింగేస్తున్నాయి.

సరిచేసి మళ్లీ పెట్టాను. ఆమె కళ్లు మూసుకుని ఒళ్లో వేళ్లతో తాళం వేస్తోంది, ఒక్క దెబ్బ తప్పకుండా. ఇన్నేళ్లూ నా పక్క సీట్లో కూర్చున్నది ఇలాంటి చెవా అని నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను.