కెల్విక్ దొర పేరు పెట్టుకున్న ఇళ్ళు

మొన్న ఆదివారం మా అమ్మాయి ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "అమ్మా, మన ఇంటిపేరు వాళ్ళు ఇంగ్లండులో ఎక్కడున్నారో చూడు" అంది. చూశాను. దేశం బొమ్మంతా తెల్లగా ఉంది. పైన ఒక మూల, కొండల మధ్య, చిటికెడు కారం ఒలికినట్టు కాసిని ఎర్రచుక్కలు. అంతే. ఆ లోయలో ఒకప్పుడు కెల్విక్ అని ఒక పల్లె ఉండేదట, గొర్రెలు మేపుకుని బతికేవాళ్ళట, ఊరు పాడుబడి పేరు మాత్రం మిగిలిందట. ఆ పేరు పెట్టుకున్నవాళ్ళు ఇప్పుడక్కడ వేళ్ళమీద లెక్కపెట్టేంత మందేనట. "వాళ్ళకంటే మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లోనే ఎక్కువ మంది ఉన్నట్టున్నారే" అని నవ్వి, పోతూ పోతూ ఆగింది. "అవునూ, నీ పుట్టింటి పేరూ కెల్విక్కే, నాన్నదీ కెల్విక్కే. ఎట్లా కుదిరిందమ్మా?" మూకుట్లో ఆవాలు మాడిపోయాయి. స్టవ్ ఆపేసి, పీట వాల్చుకుని కూర్చున్నాను. రెండు వేల ఐదు ప్రాంతంలో ఒక ఎండాకాలమంతా నాకు నిద్రపట్టకుండా చేసిన ప్రశ్న అది.

మాది ఆత్మకూరు. నాన్న నా చిన్నతనంలోనే పోతే పెదనాయనే మమ్మల్ని సాకాడు. నోరు పెద్దది, గుండె చిన్నది ఆయనకి. బల్లి మీద పడితే వీధంతా వినబడేలా కేకపెట్టి, "నాకేం భయంరా" అని మనల్నే దబాయించే రకం. ఇంట్లో అందరికంటే పెద్దది అవ్వ, అంటే నాన్నకూ పెదనాయనకూ తల్లి. అవ్వకు మాటలు తక్కువ, మేకల గురించి తప్ప. నేను గద్వాలలో టీచరు ట్రైనింగు చేసేటప్పుడు మా ఆయన, అప్పటికింకా మా ఆయన కాదు, అదే క్లాసులో ఉండేవాడు. నాగర్‌కర్నూల్ వాళ్ళు. ఇద్దరివీ చర్చికి పోయే ఇళ్ళే కాబట్టి పెద్ద గొడవేమీ ఉండదనుకుని, మాలో మేం నిర్ణయించేసుకున్నాం. ఇంటిపేరు అడగలేదా అంటే, అడగలేదు. హాజరు పిలిచేటప్పుడు అతను కె. ఫలానా, నేను కె. ఫలానా. కె. అనే అక్షరం వెనక కొత్తపల్లివాళ్ళు, కొండూరువాళ్ళు, కావలివాళ్ళు సగం క్లాసు ఉండేవాళ్ళు. ప్రేమలో ఉన్నవాళ్ళు ఆ అక్షరం విప్పదీసి చూస్తారా?

ట్రైనింగు అయిపోయాక అతని అమ్మానాన్నలు మా ఇంటికి వచ్చారు. పెదనాయనకు మనిషి నచ్చాడు. వచ్చినప్పటి నుంచీ "బావా, బావా" అంటూ వానల గురించీ, పత్తి విత్తనాల ధర గురించీ నోరారా మాట్లాడాడు. అన్నం తిని చేతులు కడుక్కున్నాక, ఏదో వక్కపొడి అడిగినంత తేలిగ్గా, "ఇంతకూ మీ ఇంటిపేరేంది బావా?" అన్నాడు.

"కెల్విక్" అన్నాడాయన.

"ఏందీ?"

"కెల్విక్. మీకు జర కొత్తగ ఉంటది. తెల్లదొర పేరు."

పెదనాయన చేతిలో గ్లాసు అట్లాగే ఉండిపోయింది. తలుపు వెనక నిలబడి నేనూ విన్నాను. ఒకే ఇంటిపేరంటే మా దగ్గర పాలోళ్ళు. అన్నదమ్ముల సంతానం. ఏ దేవుణ్ణి కొలిచినా, ఏ చర్చికి పోయినా, పాలోళ్ళ పిల్లాడు అన్న అవుతాడు తప్ప మొగుడు కాడు. ఆ తర్వాత ఆ ఇద్దరు పెద్దమనుషులూ ఒకరినొకరు ఏమని పిలవాలో తెలియక, "సార్", "సార్" అనుకుంటూ బస్టాండు దాకా నడిచారు.

ఆ రాత్రి నుంచీ నాకు భయం పట్టుకుంది. మామూలు భయం కాదు. పెళ్ళి చెడిపోతుందన్న దిగులు ఒక పక్క, చెడిపోకపోతే ఏమవుతుందోనన్న భయం ఇంకో పక్క. అతని చెయ్యి పట్టుకుని జాతరలో తిరిగిన సాయంత్రం గుర్తొస్తే చేతిని చీర కొంగుకు రుద్దుకునేదాన్ని, మళ్ళీ రుద్దుకున్నందుకు ఏడ్చేదాన్ని. ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేస్తే, "ఏం గాదు, పరేషాన్ గాకు" అనేవాడు. ధైర్యం చెప్పే ఆ గొంతు నాకంటే ఎక్కువ వణికేది. మా పాస్టరుగారు, "ప్రభువులో పాలోళ్ళు లేరు, వియ్యాలోళ్ళు లేరమ్మా, చేసుకోండి" అన్నారు. ఆ పాస్టరుగారే తన కొడుకు సంబంధానికి మాత్రం అటువాళ్ళ ముత్తాతల ఇంటిపేర్లు కూడా ఆరా తీసినట్టు మాకు తెలుసు.

పెదనాయన ఊరుకోలేదు. కెల్విక్ అన్న పేరు ఎక్కడెక్కడ ఉందో కనుక్కుంటానని బస్సులెక్కాడు. గద్వాలలో ఒక దర్జీ ఇల్లు దొరికింది. వనపర్తిలో అన్నదమ్ములిద్దరు. వనపర్తికీ నాగర్‌కర్నూల్‌కీ మధ్య రోడ్డు పక్క పల్లెల్లో అక్కడొకటి ఇక్కడొకటి. ఏ ఇంట్లో అడిగినా అదే కథ. నిజాం కాలంలో కెల్విక్ అనే తెల్లదొర ఒకాయన రోడ్డు కొలతలకు వచ్చాడు. ఎక్కడ డేరా వేస్తే అక్కడ మనవాళ్ళు కొలిచే గొలుసులు మోశారు, రాళ్ళు కొట్టారు, గుర్రాలకు నీళ్ళు పెట్టారు. కొన్నాళ్ళకు ఆ డేరాల వాళ్ళంతా బాప్తిస్మం తీసుకున్నారు. ఇంటిపేరు చెబితే కులం తెలిసిపోయే రోజులు. అందుకని పాత పేరు వదిలేసి, ఎవరికీ అంతుపట్టని దొర పేరు పెట్టుకున్నారు. దొర తన దారిన తను పోయాడు. ఆయన పేరు మాత్రం ఆయన వేసిన రోడ్డు పొడుగునా ఉండిపోయింది.

"పేరొక్కటైనంత మాత్రాన రక్తం ఒక్కటి గానక్కర్లేదు" అని పెదనాయన ధైర్యంగా మొదలుపెట్టి, "గానీ..." అని ఆగాడు. ఆ గానీ దగ్గరే అందరం ఆగిపోయాం. ఒకే ఇంటి అన్నదమ్ముల్లో ఒకడు ఈ డేరాలో, ఇంకొకడు ఆ డేరాలో పని చేసి ఉంటే? పాత ఇంటిపేరు తెలిస్తే తప్ప తేలదు. ఆ పాత పేరు చెప్పగలిగిన మనిషి మా ఇంట్లో అవ్వ ఒక్కతే.

"అమ్మా, మన పాత పేరేందో చెప్పరాదె" అని పెదనాయన బతిమాలాడు.

"నాకు తెల్వదు."

"నీకు తెల్వకుంటె ఇంకెవలికి తెలుస్తది?"

"తెల్వదంటె తెల్వదు. నన్నడగకుండ్రి." లేచి దొడ్లోకి వెళ్ళిపోయింది. అబద్ధమని ఆమె వీపు చూస్తేనే తెలుస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా బతుకు ఆమె నాలుక మీద ఒక్క మాట దగ్గర ఆగి ఉంటే, ఈ ముసలిదానికి ఏం పోయిందని ఈ మొండితనం? మందలో తప్పిపోయిన మేక గురించి రోజంతా చెప్పే మనిషి, ఈ ఒక్క ముక్క చెప్పలేదా?

అట్లా నెల దాటాక నాగర్‌కర్నూల్ నుంచి కబురు వచ్చింది. అతని తాత అన్నాడట: "పాత పేరు నాకెరుకే. గానీ నలుగుర్ల చెప్ప. వాళ్ళ ఇంట్ల పెద్దామె వస్తె, ఆమెకొక్కదానికే చెప్త. ఆమె నాకు చెప్పాలె." అవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు. మంచం మీద కూర్చుని తన అరచేతులు చూసుకుంటూ ఉండిపోయింది. మర్నాడు పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని వచ్చి, "పోదాం పా. నువ్వు గూడ రా, నాకు చెయ్యి పట్టుకుందువు" అంది నాతో. పెళ్ళికూతురు ముందుగా అటువాళ్ళ ఇంటికి పోకూడదని అమ్మ ఏదో అనబోయింది. అవ్వ చూసిన చూపుకు నోరు మూసుకుంది.

పెదనాయనతో కలిసి ముగ్గురం బయల్దేరాం. ఆత్మకూరు నుంచి వనపర్తి, వనపర్తిలో దిగి నాగర్‌కర్నూల్ బస్సు. ఎండకు కిటికీ ఊచలు కాలిపోతున్నాయి. నేను అవ్వ చెయ్యి పట్టుకున్నానో, అవ్వ నా చెయ్యి పట్టుకుందో తెలియదు కానీ రెండు చేతులూ చెమటతో తడిసిపోయాయి. బస్సు ఆగిన ప్రతిచోటా, ఇంకాసేపు ఆగితే బాగుండునని కోరుకున్నాను. ఇంకో పూట గడిస్తే ఇంకో పూట అతను నాకు అన్న కాకుండా ఉంటాడు కదా.

వాళ్ళింటి ముందు ఒక కోడి కాలికి తాడు కట్టి ఉంది. పాలోళ్ళమని తేలినా, వియ్యాలవాళ్ళమని తేలినా, దాని గతి మాత్రం అప్పటికే తేలిపోయింది. మంచినీళ్ళిచ్చారు. ఎవరూ ఎవరినీ వరసపెట్టి పిలవలేదు. మా ఆయన గుమ్మం పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. నావైపు చూడలేదు, నేనూ చూడలేదు. అతని తాత కర్ర పట్టుకుని లేచి, పల్లికాయ బస్తాలు వేసుకునే వెనక గదిలోకి నడిచాడు. అవ్వ నా చెయ్యి విడిపించుకుని ఆయన వెనకే పోయింది. తలుపు దగ్గరికి వేశారు.

ఎంతసేపు కూర్చున్నామో. పెదనాయన చెప్పుకు అంటిన మట్టిని పుల్లతో గీకుతూనే ఉన్నాడు. లోపలి నుంచి మాటలు వినబడలేదు. ఒకసారి మాత్రం ఎవరో ఏడ్చినట్టు అనిపించింది, ఆడో మగో తెలియలేదు. ప్రార్థన చేద్దామంటే ఒక్క వాక్యం గుర్తుకు రాలేదు. ఏమని కోరాలి? వేరే పేరు చెప్పించు ప్రభువా అనా? పేరు ఎప్పుడో పుట్టింది, ఇప్పుడు దేవుడు మాత్రం ఏం మారుస్తాడు?

మీకు వరసలు తెలుసు కదా. ఆ ముసలాయన మా తాతకు పాలోడైతే, అవ్వకు బావో మరిదో అవుతాడు. కాకపోతే, రేపు వియ్యాలవాడు, అవ్వకు అన్న వరస. తలుపు తెరుచుకుంది. అవ్వ ముందు వచ్చింది. ముఖం కడిగిన బండలా ఉంది, ఏమీ తెలియడం లేదు. చాప మీద కూర్చుని, కొంగుతో మెడ తుడుచుకుని, వెనక వస్తున్న ఆయనతో అంది:

"అన్నా, నువ్వే చెప్పు."

ఆ ముసలాయన చెప్పనే లేదు. చెప్పాల్సిన పని పడలేదు. పెదనాయన పుల్ల పారేసి, "బావా!" అని అరిచి అతని నాన్నను కావలించుకున్నాడు. అతని అమ్మ కోడి తాడు విప్పడానికి పరిగెత్తింది. నేను మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చేశాను.

నా భయం అక్కడ తీరింది. అవ్వ భయం అక్కడ మొదలైందని తిరుగు బస్సులో తెలిసింది. బస్సు కదిలిన కాసేపటికే నా చెవి దగ్గర నోరు పెట్టి, "ఎవలన్న విన్నరా?" అంది.

"ఏంది అవ్వా?"

"నేను లోపట చెప్పింది. బయటికి ఇనవడ్డదా?"

లేదన్నాను. నమ్మలేదు. ముందు సీట్లవాళ్ళను, కండక్టరును, మెట్ల మీద కూర్చున్నవాళ్ళను ఒక్కొక్కరినీ పరీక్షగా చూసింది. అప్పుడు చెప్పింది, మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. తను కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో, ఊరి పెద్దల మనిషి వాడ మొదట్లో నిలబడి ఆ ఇంటిపేరు పెట్టి కేక వేసేవాడట. ఆ పేరు వినబడితే ఇంటికొకరు వెట్టికి పోవాలి. జ్వరమున్నా, ఒళ్ళో చంటిబిడ్డ ఉన్నా సరే. "ఒకపారి మీ పెదనాయిన కంటే ముందుటోణ్ణి తొట్టెల ఏసి పోయిన. వచ్చేటాల్లకు లేడు" అంది. బాప్తిస్మం రోజున తాత అన్నాడట: ఇయ్యాలటి సంది ఆ మాట నీ నోట్లకెల్లి రావద్దు, పిల్లలకు తెల్వనే వద్దు. పేరు తెల్వకుంటె పిలిచెటోడు ఎట్ల పిలుస్తడు?

"ఇన్నేండ్లు నోరు కట్టుకున్న. ఇయ్యాల నీ కోసం చెప్పిన" అంది. ఆత్మకూరు బస్టాండులో దిగగానే చుట్టూ చూసింది, ఇప్పుడే ఎవరో కేక వేస్తారన్నట్టు. ఆ రాత్రే చలిజ్వరం వచ్చి వారం పాటు మంచం దిగలేదు. దొడ్లోకి వెళ్ళిపోయిన ఆమె వీపును చూసి నేను మొండితనమనుకున్నది అంతా భయమే.

పెళ్ళయింది. అయినా నా లోపల ఒక ముల్లు ఉండిపోయింది. ఆ గదిలో నిజంగా రెండు వేర్వేరు పేర్లే వినబడ్డాయా? లేక ఒకటే పేరు విని, బయట కాచుకుని ఉన్న మా ఇద్దరి ముఖాలు తలుచుకుని, ఇద్దరు ముసలివాళ్ళూ దాన్ని పల్లికాయల మధ్య పూడ్చేసి వచ్చారా? ఆ ఏడుపు ఎవరిది? ఎందుకు? కూతురు పుట్టినప్పుడు మంత్రసాని చేతిలోంచి లాక్కున్నట్టు తీసుకుని వేళ్ళూ చెవులూ కళ్ళూ తడిమి చూశాను. దానికి జ్వరంతో ఒళ్ళు కాలిన ప్రతిసారీ దవాఖానకు పోయే దారంతా నాకు ఆ తలుపే కనబడేది. ఒకసారి అవ్వను అడిగాను. "అన్నా అని పిలిచిన గద. ఇంకేంగావాలె నీకు?" అంది. మా ఆయన తాతను అడిగే ధైర్యం రాలేదు. ఆయన పోయారు. తర్వాత ఏడాది అవ్వ పోయింది. చెప్పగలిగినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఇదంతా విని మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టింది. "అయితే మన అసలు పేరేంటమ్మా?" అంది. తెలియదన్నాను. మా ఆయన గుమ్మంలో నిలబడి వింటున్నాడు. అతనూ తెలియదన్నాడు. "పోనీలే, ఇదే బాగుంది" అని అది లేచి పోయింది, అంత తేలిగ్గా. దాని వెనకే చూస్తూ కూర్చున్నాను. అవ్వకు ఒళ్ళంతా వణుకు పుట్టించిన పేరు నా దాకా రానే లేదు. నన్ను వణికించిన పేరు నా కూతురికి ఒక ఆదివారపు కాలక్షేపం. మనుషుల్ని తీసుకుపోతుందని కాలాన్ని తిట్టుకుంటాం గానీ, పోయేవాళ్ళ భయాల్ని కూడా వాళ్ళ చేతికే ఇచ్చి పంపేది కాలమే.