అడ్డాకు మీద సైకిల్ చక్రం

ఆ చలికాలం ఉదయాలు నాకిప్పటికీ సగం కలలాగే గుర్తున్నాయి. అనంతగిరి దాటాక, నేను చదువు చెప్పే బడికి దారి కాఫీ తోటల మధ్య నుంచి పైకి పోతుంది. మంచులో సిల్వర్ ఓక్ చెట్లకు తలలు ఉండేవి కావు, రోడ్డుకు చివర ఉండేది కాదు. నా గేర్ల సైకిల్ మాత్రం రోజూ ఒకే మలుపు దగ్గర మొరాయించేది. దిగి తోసేదాన్ని. సరిగ్గా అక్కడే కాఫీ పళ్లు కోసే ఆడవాళ్లు బుట్టలు సర్దుకుంటూ కూర్చునేవాళ్లు.

"సైకిలెక్కి బడికెల్తన్నావా టీచరమ్మా, సైకిల్ని బడికి తీసుకెల్తన్నావా?" అనేది వాళ్లలో పెద్దామె.

అందరూ నవ్వేవాళ్లు. ఆ నవ్వులో చెడు లేదు. అయినా నాకు చెవులు వేడెక్కేవి, తల వంచుకుని గబగబా తోసుకుపోయేదాన్ని. ఒక్కసారైనా ఆ మలుపు దిగకుండా దాటాలన్న కోరిక డైరీకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

పెడళ్ల దగ్గర గొలుసు తిరిగే మూడు చక్రాల పళ్లు లెక్కపెట్టి రాసుకున్నాను: నలభై ఎనిమిది, ముప్పై ఎనిమిది, ఇరవై ఎనిమిది. అన్నిటికన్నా చిన్నదాని బదులు ఇరవై రెండు పళ్లది వేస్తే ఎత్తు ఎక్కడం తేలికవుతుందని ఎక్కడో చదివాను. సంతలో పాత సామాన్లు పరుచుకుని కూర్చునే సైకిల్ మేస్త్రీ దగ్గర అలాంటివి ఉన్నాయి. కానీ అంత జనంలో సైకిల్ పట్టుకుని నిలబడాలంటే సిగ్గు. అందుకని పచ్చి అడ్డాకు ఒకటి చక్రానికి ఆనించి, బొటనవేలితో నొక్కి, బోల్టు రంధ్రాల గుర్తులు తీసి డైరీలో దాచాను. ఆ ఆకులతో విస్తళ్లు కుట్టే ఇళ్ల మధ్య ఉంటూ కూడా, ఆకు ఎండితే ముడుచుకుంటుందన్నది ఆలోచించలేదు.

ఆ వారం సంతలో ఆకుతోనే కొలిచి ఒకటి కొనుక్కొచ్చాను. ఆకుకు సరిపోయిన చక్రం సైకిల్‌కు సరిపోలేదు.

మరుసటి సంతకు సైకిల్నే తీసుకెళ్లక తప్పలేదు.

"ఆకు పట్టుకొస్తే ఇస్తరి కుడతారమ్మా, సక్రం ఎవడేత్తాడు?" అన్నాడు మేస్త్రీ.

ఇంకొకటి వెతికి బిగించాడు. కుదిరింది. కానీ పెడల్ తిప్పితే కరకరమని చప్పుడు. గొలుసును ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి నెట్టే ముందువైపు డీరెయిలర్ అడుగుభాగానికి గొలుసు రాసుకుంటోంది.

"పెద్దదానికీ దీనికీ ఇరవయ్యారు పళ్ల తేడా. ఇది అంత తేడా మొయ్యదు. ఎనకాల డీరెయిలర్‌కీ గొలుసు బిగువు అందదు, ఏలాడిపోద్ది. పాతదే ఏసేత్తాను."

చుట్టూ నలుగురు చూస్తున్నారు. నాకు మలుపు గుర్తొచ్చింది.

"పెద్దది తీసేయండి," అన్నాను.

"దిగినప్పుడు స్పీడుండదు మరి."

"దిగేటప్పుడు నాకు తొందర లేదండీ."

ఆయన నా మొహం ఓసారి చూశాడు. పెద్ద చక్రం విప్పి, బోల్టుల కింద వాషర్లు వేసి, డీరెయిలర్‌ను బొటనవేలి వెడల్పున కిందికి దించాడు. చప్పుడు ఆగింది.

మర్నాడు మలుపు వచ్చింది. కాళ్లు గిరగిరా తిరుగుతున్నాయి, చెట్లు మాత్రం నిద్రలో నడుస్తున్నట్టు మెల్లగా వెనక్కి జరుగుతున్నాయి. దిగలేదు. పెద్దామె బుట్ట నడుముకు కట్టుకుని లేచి నా పక్కనే నడవసాగింది. నడకకు అందేంత నెమ్మది మరి.

"ఏటే గుంటా, ఇంత తొక్కీ నాతోటే నడుత్తన్నావు," అంది, సొంత పిల్లను పిలిచినట్టు.

"నీతో మాట్లాడదామనే, పెద్దమ్మా," అన్నాను.

తోటలోకి మళ్లేదాకా ఆమె చలి గురించి, ఈసారి కాఫీ పళ్లు ఆలస్యంగా ఎర్రబడటం గురించి చెబుతూనే ఉంది. మలుపు ఎప్పుడో వెనకబడింది.